ఐదు స్టార్టర్ కమాండర్ డెక్కులు: చాలాకాలం ఆడాక ఏది కొనమంటానంటే

ముందే చెప్పేస్తున్నాను: మ్యాజిక్ ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో కమాండర్ అనే పద్ధతిని కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఈ ఐదు రెడీమేడ్ డెక్కుల్లో (కార్డుల కట్టల్లో) నేను సిఫారసు చేసేది టోకెన్ ట్రయంఫ్. అది దొరక్కపోతే గ్రేవ్ డేంజర్. పెట్టె మీద డ్రాగన్ బొమ్మ ఎంత ఊరించినా డ్రాకోనిక్ డిస్ట్రక్షన్‌ను మొదటి డెక్కుగా కొనవద్దు. దానికి కారణం డ్రాగన్లు బలహీనంగా ఉండటం కాదు, అవి బల్ల మీదికి వచ్చేసరికి ఆట సగం అయిపోవడం.

ఈ ఐదింటినీ మ్యాజిక్‌ను తయారుచేసే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2022 డిసెంబరులో విడుదల చేసింది. ఒక్కో డెక్కు రెండేసి రంగులది. కమాండర్‌తో (డెక్కుకు నాయకత్వం వహించే క్రీచర్, అంటే జీవి కార్డు) కలిపి 100 కార్డులు, బేసిక్ ల్యాండ్లు (కార్డుల ఖరీదు కట్టే మనాను ఇచ్చే మామూలు నేల కార్డులు) తప్ప ఏ కార్డూ రెండోసారి రాదు. ఒక్కొక్కరు 40 లైఫ్ (ప్రాణ పాయింట్లు)తో మొదలుపెడతారు. ఒకే కమాండర్ చేతిలో 21 కంబాట్ డ్యామేజీ (దాడిలో తగిలే దెబ్బ) తిన్నవాళ్లు మిగతా లైఫ్ ఎంత ఉన్నా ఓడినట్టే. కమాండర్ చచ్చి కమాండ్ జోన్ (కమాండర్‌ను విడిగా ఉంచే చోటు)కు వెళ్లిన తర్వాత మళ్లీ దింపాలంటే ప్రతిసారీ రెండు మనా అదనంగా కట్టాలి. డెక్కు ఎంచుకునేటప్పుడు అందరూ మరిచిపోయేది ఈ చివరి నియమాన్నే.

అందుకే నేను ముందు చూసేది కమాండర్ ఖరీదు. 99 కార్డుల్లో 37 ల్యాండ్లు ఉన్నాయనుకోండి. మొదటి చేతి ఏడు కార్డుల్లో సగటున రెండున్నరకు కాస్త పైగా ల్యాండ్లు వస్తాయి. నాలుగో టర్న్‌కు పదకొండు కార్డులు చూసి ఉంటాం, అంటే సుమారు నాలుగు ల్యాండ్లు. ఆరో ల్యాండ్ పడేది సగటున తొమ్మిదో టర్న్‌లో. ఏడోది పన్నెండో టర్న్ దగ్గర. మధ్యలో మనా పెంచే కార్డులు, అదనంగా కార్డులు తీసే కార్డులు లేకపోతే లెక్క ఇంతే. ఇప్పుడు ఐదుగురు కమాండర్ల ఖరీదు చూడండి: టోకెన్ ట్రయంఫ్‌లోని ఎమ్మారాకు రెండు మనా, గ్రేవ్ డేంజర్‌లోని గీసా అండ్ గెరాల్ఫ్‌కు నాలుగు, కేయాస్ ఇన్‌కార్నేట్‌లోని కార్డూర్‌కు నాలుగు, ఫస్ట్ ఫ్లైట్‌లోని ఇస్పీరియాకు ఆరు, డ్రాకోనిక్ డిస్ట్రక్షన్‌లోని అటార్కాకు ఏడు.

ఎమ్మారా ఆకుపచ్చ, తెలుపు రంగుల 2/2 (కొట్టే బలం 2, తట్టుకునే బలం 2). ఆమె ట్యాప్ అయినప్పుడల్లా (వాడినట్టు గుర్తుగా కార్డును పక్కకు తిప్పినప్పుడల్లా) లైఫ్‌లింక్ (కొట్టిన దెబ్బ అంత లైఫ్ మనకు తెచ్చే గుణం) ఉన్న 1/1 సోల్జర్ టోకెన్ (డెక్కులో లేకుండా ఆటలోనే పుట్టే క్రీచర్) ఒకటి పుడుతుంది. దాడికి పంపితే ట్యాప్ అవుతుంది కదా అని కొత్తవాళ్లు మూడో టర్న్‌లోనే ఎమ్మారాను పంపేస్తారు. 2/2 కాబట్టి ఎదుటివాళ్ల ఏ మామూలు క్రీచర్ అడ్డుకున్నా చచ్చిపోతుంది. ఆమెను కన్వోక్ కోసం వాడాలి. కన్వోక్ ఉన్న మంత్రం ఖరీదును మన క్రీచర్లను ట్యాప్ చేసి కట్టొచ్చు, అదే టర్న్‌లో దిగిన క్రీచర్‌ను కూడా. అంటే ఎమ్మారా దిగిన టర్న్‌లోనే ఆమెను ట్యాప్ చేసి టోకెన్ తెచ్చుకోవచ్చు. సోల్జర్ టోకెన్లను గుంపుగా పుట్టించే మార్చ్ ఆఫ్ ది మల్టిట్యూడ్స్ ఈ డెక్కుకు ప్రాణం: కన్వోక్ ఉంది, పైగా ఇన్‌స్టంట్ (ఎవరి టర్న్‌లోనైనా వేయగల మంత్రం). దాన్ని మన టర్న్‌లో వేయకూడదు. మనకు ముందు ఆడే ఆటగాడి టర్న్ చివర్లో వేస్తే, ఆ సైన్యం మొత్తం మన టర్న్‌లో దాడికి సిద్ధంగా ఉంటుంది. బల్ల మొత్తం తుడిచేసే మంత్రం ఎవరి చేతిలోనైనా ఉంటే దాన్ని వేసే అవకాశం కూడా వాళ్లకు తగ్గుతుంది. అవర్ ఆఫ్ రెకనింగ్ అనే మంత్రం టోకెన్లు కాని క్రీచర్లన్నిటినీ చంపుతుంది. మన సోల్జర్లు మాత్రం నిలబడే ఉంటారు. ఎమ్మారా కూడా పోతుంది గానీ, మళ్లీ దింపడానికి నాలుగు మనా చాలు.

దీనిలో చిరాకు టోకెన్ల లెక్క. పెట్టెలో వచ్చే టోకెన్ కార్డులు మధ్య ఆటకు సరిపోవు. లైఫ్‌లింక్ ఉన్న సోల్జర్లూ లేని టోకెన్లూ కలిసిపోతే లైఫ్ లెక్క తప్పుతుంది, బల్ల మీద వాదన మొదలవుతుంది. ఒక్కో రకానికి ఒక్కో రంగు పాచిక పెట్టుకోండి. ట్యాప్ అయినవాటికీ కానివాటికీ వేర్వేరు పాచికలు ఉండాలి.

గ్రేవ్ డేంజర్ నీలం, నలుపు రంగుల జాంబీ డెక్కు. గీసా అండ్ గెరాల్ఫ్ దిగగానే డెక్కు పైనున్న నాలుగు కార్డులు గ్రేవ్‌యార్డ్ (చచ్చిన, వాడేసిన కార్డుల కుప్ప)లోకి వెళతాయి. ఆ తర్వాత మన ప్రతి టర్న్‌లో ఒక జాంబీని గ్రేవ్‌యార్డ్ నుంచి దింపొచ్చు, దాని ఖరీదు మాత్రం కట్టాలి. అంటే చేతిలో కార్డులు అయిపోయినా ఆట ఆగదు. ఓపికగా ఆడేవాళ్లకు ఇది టోకెన్ ట్రయంఫ్ కంటే నచ్చుతుంది. డైర్‌గ్రాఫ్ కెప్టెన్ బల్ల మీద ఉన్నప్పుడు మన మిగతా జాంబీలు చావడం కూడా లాభమే, చచ్చిన ప్రతి జాంబీకీ ఎదుటి ఆటగాడు ఒక లైఫ్ పోగొట్టుకుంటాడు. బలహీనత ఒక్కటే: గ్రేవ్‌యార్డ్‌ను మొత్తం ఎగ్జైల్ చేసే (ఆటలోంచే తీసేసే) కార్డు. బోజుకా బాగ్ అనే ల్యాండ్ ఒక్కటి చాలు. ఎవరి దగ్గరైనా నలుపు రంగు ఉంటే మంచి జాంబీలన్నిటినీ గ్రేవ్‌యార్డ్‌లో దాచిపెట్టుకోకుండా రెండుమూడు చేతిలో ఉంచుకోవాలి.

కేయాస్ ఇన్‌కార్నేట్ నలుగురున్న బల్ల మీద సరదాగా ఉంటుంది. కార్డూర్ దిగితే మన తర్వాతి టర్న్ దాకా ఎదుటివాళ్ల క్రీచర్లు వీలైతే దాడి చేసి తీరాలి, వీలైనంతవరకు మనల్ని వదిలి ఇంకొకరి మీద చేయాలి. ఇద్దరే ఆడుతుంటే ఆ ఇంకొకరు ఉండరు కాబట్టి దెబ్బలన్నీ మనకే తగులుతాయి. ఫస్ట్ ఫ్లైట్ ఎగిరే క్రీచర్ల డెక్కు. ఇస్పీరియా మీకు కార్డులు తెచ్చిపెట్టేది ఎవరైనా మీ మీద దాడి చేసినప్పుడే. ఆమె దిగాక మీ జోలికి ఎవరూ రారు, అదే ఆమె అసలు ఉపయోగం. ఆరు మనా వచ్చేదాకా ఆమె కోసం ఎదురుచూడకుండా చిన్న పక్షులతో, గాలిలో ఎగిరేవాటికి బలం పెంచే కార్డులతో ఆడితే డెక్కు బాగానే నడుస్తుంది.

ఇక అటార్కా. 6/4, ఎగురుతుంది, ట్రాంపుల్ (అడ్డుకున్న క్రీచర్‌ను దాటి మిగిలిన దెబ్బ ఆటగాడికి తగలడం) ఉంది, దాడి చేసే మన ప్రతి డ్రాగన్‌కూ డబుల్ స్ట్రైక్ (ఒకే దాడిలో రెండుసార్లు కొట్టడం) ఇస్తుంది. ఒక్క దాడిలో 12, రెండు దాడుల్లో 24. అంటే రెండు దెబ్బల్లో ఒక మనిషి ఆట ముగిసినట్టే. కానీ ఒకసారి చస్తే తొమ్మిది మనా, రెండోసారి చస్తే పదకొండు. డ్రాగన్ల ఖరీదు తగ్గించే డ్రాగన్‌లార్డ్స్ సర్వెంట్, డ్రాగన్‌స్పీకర్ షామన్ లాంటివి చిన్న క్రీచర్లు. ఎవరో బల్ల తుడిచేస్తే ముందు పోయేది అవే. అందుకే ఈ డెక్కు కొన్నవాళ్లు డ్రాగన్లను కొన్ని తీసేసి రెండు మనాకే ల్యాండ్ తెచ్చే రాంపంట్ గ్రోత్, ఫార్‌సీక్ లాంటివి డెక్కులో లేకుంటే చేర్చాలి. రెండో టర్న్‌లో ఒకటి పడి, మూడో టర్న్‌లోనూ ల్యాండ్ వేయగలిగితే చేతిలో నాలుగు మనా ఉంటుంది. మూడు మనా ఖరీదున్నవి ఈ పనికి ఆలస్యం. క్రీచర్ల మీద కాకుండా ల్యాండ్ల మీద ఆధారపడితే బల్ల తుడిచినా మనా మిగులుతుంది.

ఐదింటికీ ఉన్న లోపం ట్యాప్ అయి దిగే ల్యాండ్లు (దిగిన టర్న్‌లో మనా ఇవ్వనివి). రెండో టర్న్‌లో, నాలుగో టర్న్‌లో అలాంటిది పడితే ఆ టర్న్‌లో ఒక మనా వృథా. రెండు రంగుల డెక్కుకు అన్ని అక్కర్లేదు. నాలుగైదు ఉంచుకుని, వాటిలోనూ స్క్రై (డెక్కు పై కార్డు చూసి, అక్కడే ఉంచాలో అడుగుకు పంపాలో ఎంచుకోవడం) ఇచ్చే టెంపుల్ లాంటివి ముందు ఉంచుకుని, మిగతావాటి స్థానంలో బేసిక్ ల్యాండ్లు పెట్టండి. పైసా ఖర్చు లేని మార్పు ఇది, తేడా వెంటనే కనిపిస్తుంది. తర్వాత కార్డులు తెచ్చేవి పది దాకా ఉన్నాయో లేదో లెక్కపెట్టండి, ఆ తర్వాత ఎదుటివాళ్ల కార్డులను తీసేసేవి. మనా ఇచ్చే సోల్ రింగ్, ఆర్కేన్ సిగ్నెట్, కమాండ్ టవర్ ఏ డెక్కులోంచీ తీయకూడదు. కొత్త కార్డులు కొనడానికి ముందు కనీసం పది ఆటలు ఆడి, ప్రతి ఆట చివర్లో చేతిలో మిగిలిపోయిన కార్డుల పేర్లు రాసుకోండి. మూడునాలుగుసార్లు మిగిలిపోయినదే ముందు తీయాల్సిన కార్డు.

2025 ఫిబ్రవరిలో విజార్డ్స్ ప్రకటించిన ఐదు బ్రాకెట్లలో (డెక్కుల బలాన్ని బట్టి వేసిన స్థాయిల్లో) సగటు ప్రీకాన్‌ను (ఇలా ముందే కట్టి అమ్మే డెక్కును) రెండో స్థాయిలో పెట్టారు. ఈ ఐదూ ఆ స్థాయి బల్ల మీదే కూర్చోవాలి. నాలుగో స్థాయి డెక్కుల మధ్య కూర్చుంటే మన కమాండర్ దిగకముందే ఆట ముగుస్తుంది, అందులో నేర్చుకునేదీ ఏమీ ఉండదు.

స్లీవ్‌ల (కార్డుకు తొడిగే ప్లాస్టిక్ కవర్ల) విషయంలో జాగ్రత్త. ఈ కార్డులు సుమారు 63 × 88 మిల్లీమీటర్లు, వీటికి 66 × 91 స్లీవ్ కావాలి. యూ-గీ-ఓ అనే ఇంకో కార్డుల ఆట కోసం అమ్మే 62 × 89 స్లీవ్‌లో బలవంతంగా దూర్చితే కార్డు అంచు వంగిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఫాయిల్ (మెరిసే పూత ఉన్న) కార్డులు విల్లులా వంగుతాయి. వాటిని స్లీవ్‌లో పెట్టి, మూత గట్టిగా పడే డెక్ బాక్సులో సిలికా జెల్ పొట్లంతో ఉంచాలి. స్లీవ్‌లు తొడిగాక డెక్కుతో వచ్చిన అట్టపెట్టె సరిపోకపోవచ్చు, వంద కార్డులు స్లీవ్‌తో సహా పట్టే బాక్సు విడిగా కొనుక్కోండి.

ఇంట్లో ఇద్దరే ఆడేవాళ్లయితే ఈ ఐదింట్లో ఏదీ కొనవద్దు. రెండు 60 కార్డుల డెక్కులు ఒకే పెట్టెలో వచ్చే స్టార్టర్ కిట్ తీసుకోండి. నలుగురు దొరికాక కమాండర్‌కు రావచ్చు.