ఒంట్లో ఇనుము దించే పంపు: ఏళ్ల వాడకం తర్వాత

తలసీమియా మేజర్ (ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించక తప్పదు. ఒక్కో యూనిట్‌తో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుంటూ పోతుంది. దత్తబిడ్డ విషయంలో ఇంకో చిక్కు. ఈ జబ్బును నయం చేసే ఎముక మూలుగ మార్పిడికి దాతగా ముందు చూసేది తోడబుట్టినవాళ్లనే, ఒక్కొక్కరితో కుదిరే అవకాశం నాలుగింట ఒకటి. వాళ్లెవరో, ఉన్నారో లేదో తెలియని ఇంట్లో ఇనుము దించడం మీదే ఏళ్లతరబడి ఆధారపడాలి. ఇనుమును పట్టుకుని బయటికి పంపే మందు డెస్ఫెర్రియాక్సమిన్, దాన్ని ఎక్కించే ఈ పంపు గురించి పొడుగ్గా రాస్తున్నది అందుకే.

అరచేతిలో పట్టే బ్యాటరీ పెట్టె. సిరంజిలోని మందును 8 నుంచి 12 గంటలపాటు చర్మం కిందికి మెల్లగా నెడుతుంది. వారంలో ఐదు నుంచి ఏడు రాత్రులు పెట్టాలి. పెట్టె చెడిపోవడం తక్కువే. తప్పులన్నీ కలపడంలో, కొలవడంలో, గుచ్చడంలో జరుగుతాయి.

500 మిల్లీగ్రాముల సీసాకు 5 మిల్లీలీటర్ల ఇంజెక్షన్‌కు వాడే స్టెరైల్ వాటర్. పొడిని నేరుగా సెలైన్‌తో కరిగిస్తే మబ్బుగా అయిపోతుంది, అది పారబోయాల్సిందే. నీళ్లు తగ్గిస్తే త్వరగా అయిపోతుంది కదా అని ఆశపడకండి. 10 శాతం (మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు) కన్నా చిక్కనైతే చర్మం కందుతుంది, దద్దులు లేస్తాయి. 20 కిలోల బిడ్డకు డాక్టరు కిలోకు 40 మిల్లీగ్రాములు రాస్తే మొత్తం 800, అంటే సుమారు 8 మిల్లీలీటర్లు.

పాతరకం పంపుల్లో వేగాన్ని గంటకు ఇన్ని మిల్లీమీటర్లని పెట్టాలి, మిల్లీలీటర్లని కాదు. అమ్మేవాళ్లు ఇది సరిగ్గా చెప్పరు. ముందు ట్యూబు చివర చుక్క కనబడేదాకా మందు నింపాలి. తర్వాత సిరంజిలో మిగిలిన మందు పొడవును స్కేలుతో కొలిచి గంటలతో భాగించాలి. 50 మిల్లీమీటర్లు, 10 గంటలైతే 5 మీద పెట్టాలి. సిరంజి కంపెనీ మారితే వెడల్పు మారుతుంది, మళ్లీ కొలవాల్సిందే.

ఇక సూది. 25 గేజ్ బటర్‌ఫ్లై అయితే చర్మాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా దింపాలి. పైపైన గుచ్చితే తెల్లారేసరికి అక్కడ గడ్డ, నొప్పి. పొట్ట, తొడలు, జబ్బలు రోజుకో చోటుగా మారుస్తుండాలి. గంట ముందు మొద్దుబార్చే క్రీము రాస్తే ఏడుపు సగానికి సగం తగ్గుతుంది. నిటారుగా గుచ్చే, బొత్తాంలాంటి పొట్టి సూదులు ఖరీదే గానీ నిద్రలో పొర్లాడే పిల్లలకు అవే నయం. ట్యూబు మడతపడితే అన్ని పంపులూ అరవవు, కాబట్టి పొద్దున్నే సిరంజి ఖాళీ అయిందో లేదో చూడండి.

మూత్రం ఎర్రగా, ఇటుక రంగులో వస్తే భయపడొద్దు, ఇనుము దిగుతోందన్నమాట. జ్వరం వస్తే మాత్రం పంపు ఆపి డాక్టరుకు చెప్పాలి. ఈ మందు పట్టుకున్న ఇనుమునే తిని పెరిగే యెర్సీనియా అనే సూక్ష్మజీవి ఉంది, కడుపునొప్పి కూడా ఉంటే ఆలస్యం చేయకూడదు. విటమిన్ సి డాక్టరు రాస్తేనే, అదీ పంపు పెట్టిన రోజుల్లోనే. ఏడాదికోసారి చూపు, వినికిడి పరీక్షలు తప్పనిసరి.

ఇనుము దించే డెఫెరాసిరాక్స్ మాత్ర రోజుకోసారి వేస్తే సరిపోతుంది. అది పడే పిల్లలకు ఈ సూదుల బాధే అక్కర్లేదు, కాకపోతే క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ప్రోటీన్ నెలనెలా చూపించుకోవాలి. మాత్రతో ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే రక్తపరీక్ష) దిగని బిడ్డకో, మూత్రపిండాలు తట్టుకోని బిడ్డకో పంపు ఇప్పటికీ పనికొస్తుంది. నా లెక్కలో పంపులోని మందుకు ఐదుకు నాలుగు మార్కులు, పెట్టెకు మూడు. పంపు పెట్టని రాత్రులకు క్యాలెండర్ మీద గుండ్రం చుట్టండి. ఫెరిటిన్ దిగలేదని మందు మోతాదు పెంచేముందు డాక్టరు అడిగేది ఆ లెక్కే.