రెండేళ్లు వాడిన వాలీబాల్: బంతి మంచిదే, పేచీ అంతా వాల్వుతోనే

ఈ బంతి గురించి కొన్న మూడు నెలలకు ఒకసారి రాశాను. "దీనితో నా సర్వీసు కుదిరింది, కళ్లు మూసుకుని కొనవచ్చు" అన్నాను. ఆ మాటను పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, దయచేసి కళ్లు తెరిచే కొనండి. గాలి కొలిచే గేజి కూడా కొనండి.

బరువు, చుట్టుకొలత, పలకల సంఖ్య పెట్టె మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నాకు చెప్పవలసినది వాల్వు గురించే. ఈ రెండేళ్లలో నాకు ఓవర్‌హ్యాండ్ సర్వీసు, అంటే చెయ్యి తల మీదుగా తెచ్చి కొట్టే సర్వీసు, నేర్పింది అదే, పండగ పూట పదిమందిలో పరువు తీసిందీ అదే.

ముందు నేర్పిన సంగతి. మా ఊరు కళింగపట్నానికి దగ్గర. సాయంత్రం అయిదు దాటితే సముద్రపు గాలి కోర్టు పొడవునా వీస్తుంది. నాకు నలభై నాలుగేళ్లు. బడిలో లెక్కలు చెబుతాను. కుడి భుజం నాతో అలిగి చాలా కాలమైంది. ఎగిరి బాదే సర్వీసు నా వల్ల కాదు కనుక, నిలబడి బంతి తిరగకుండా కొట్టే ఫ్లోటింగ్ సర్వీసే నాకు దిక్కు. గిర్రున తిరిగే బంతి ఎటు వంగుతుందో ఎదుటివాడు ముందే పసిగడతాడు. తిరగని బంతి వెనక గాలి ఒక్కో క్షణం ఒక్కో పక్కన విడిపోతూ ఉంటుంది. అందుకే అది తిన్నగా వస్తున్నట్టే వచ్చి, చేతుల దగ్గర పక్కకు జారుతుంది. కానీ కొట్టిన బంతి తిరగకూడదంటే ముందు టాస్, అంటే కొట్టడానికి పైకి వదిలిన బంతి, తిరగకూడదు. మా కోర్టులో చాలామందికి అక్కడే చుక్కెదురు.

ఈ బంతికి నీలం పలక మధ్యలో వాల్వు ఉంది, దాని చుట్టూ తెల్లటి రింగు. దూరం నుంచి చూస్తే కన్నులా ఉంటుంది. బంతిని ఎడమ అరచేతిలో పెట్టుకుని, ఆ కన్ను నా వైపు కాస్త పైకి ఉండేలా చూసుకుని, కుడి భుజానికి ముందుగా మూరెడు ఎత్తుకు వదులుతాను. కన్ను నన్నే చూస్తూ పైకి వెళ్లి, నన్నే చూస్తూ దిగితే టాస్ సరిగ్గా పడినట్టు. పక్క చూపులు చూసిందంటే, వదిలేటప్పుడు నా వేళ్లు బంతిని తిప్పాయన్నమాట. మొదటి నెలంతా కొట్టడమే లేదు, రోజుకు యాభై టాస్‌లు. పెరట్లో నా అవస్థ చూసి మా మేనకోడలు, "పాప ఏడుస్తోందా మావయ్యా, అలా ఎత్తి ఆడిస్తున్నారు?" అంది.

తర్వాత కొట్టడం. ఎడమ కాలితో చిన్న అడుగు, మోచేయి చెవి ఎత్తున, మణికట్టు బిగువుగా. అరచేతి మొదట్లోని గట్టి భాగం కన్నుకు దిగువన, బంతికి సరిగ్గా నడిమధ్యన తగలాలి. తగలగానే చెయ్యి తలుపు తట్టినట్టు ఆగిపోవాలి. చెయ్యి బంతి వెంట సాగితే తిప్పుడు వచ్చేస్తుంది. ఇక గురికి మూడు పాత సైకిలు టైర్లు. అవతలి కోర్టులో వెనక గీతకు బారెడు ఇవతల ఎడమన ఒకటి, మధ్యన ఒకటి, కుడిన ఒకటి పడేసి, ఏ టైరుకు కొడుతున్నానో ముందే గట్టిగా చెప్పి కొట్టేవాడిని. టైరుకు బారెడు లోపల పడితే లెక్క. చెప్పకుండా కొడితే ఎక్కడ పడినా అక్కడికే కొట్టానని మనసు సర్దిచెబుతుంది.

డిసెంబరు వచ్చేసరికి నోటు పుస్తకంలో 20కి 14 పడింది. ఆ పొంగులోనే మొదటి సమీక్ష రాశాను.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. మాది బలానికి దండం పెట్టే ప్రాంతం. మల్లయోధుడు కోడి రామమూర్తి పుట్టింది వీరఘట్టంలో, శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస. అందుకేనేమో, మా కోర్టులో సర్వీసు గీత దాటిపోతే, "గురి తప్పినా దెబ్బ చూశారా!" అని మెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మెచ్చుకోలు అక్కర్లేని ఆటగాడినని నాలో నేను కాస్త గర్వపడుతూ ఉండేవాడిని.

ఆ గర్వం కనుమ నాటికి దిగింది. పక్క ఊళ్లో పండగ పోటీలు. ఆడించేవాళ్లు కొత్త బంతి తెచ్చారు, గాలి దిట్టంగా పట్టించారు. మొదటి సెట్టులో నా మొదటి సర్వీసు వెనక గీత దాటింది. బెరుకు అనుకున్నాను. రెండో సెట్టులో రెండు దాటాయి. అప్పటికీ టాస్ బాగానే పడుతోంది, చెయ్యి మధ్యలోనే తగులుతోంది, బంతి తిరగడం లేదు. మరి ఎందుకు పోతోంది? మూడో సెట్టు 13-13 దగ్గర సర్వీసు మళ్లీ నాకే వచ్చింది. గాలి ఎదురుగా ఉంది, అంటే బంతి పొడుగు పోయిందని చెప్పుకోవడానికి ఆ సాకు కూడా లేదు. మధ్య టైరును మనసులో పెట్టుకుని, పెరట్లో కొట్టినట్టే కొట్టాను. బంతి అందరి తలల మీదుగా వెళ్లి, గీత అవతల గడ్డివాము అంచున పడింది. తర్వాతి పాయింటుతో వాళ్లు ఆట ముగించారు. "పరవాలేదు మాస్టారూ, పండగే కదా" అన్నాడు మా జట్టులో బంతి ఎత్తి అందించే లిఫ్టరు. నా దగ్గరే చదువుకున్న కుర్రాడు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

మర్నాడు పంక్చర్ల కొట్టుకు నా బంతి పట్టుకెళ్లాను. అక్కడి గేజి మోటారు సైకిళ్లకు ముప్పై పాయింట్లు పట్టే గేజి, బంతికి పెడితే ముల్లు కదిలీ కదలనట్టు ఊరుకుంది. నిబంధన ప్రకారం వాలీబాల్‌లో గాలి చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోల ఒత్తిడితో ఉండాలి. గేజి పాయింట్లలో (psi) చెబితే సుమారు 4.3 నుంచి 4.6. అంత సన్నటి తేడా ఆ ముల్లుకు ఆనదు. శ్రీకాకుళం వెళ్లినప్పుడు బంతులకని విడిగా అమ్మే చిన్న గేజి కొని తెచ్చి కొలిస్తే, నా బంతిలో ఉన్నది 2.6.

బకెట్టు నీళ్లలో ముంచాను. కుట్ల దగ్గర ఏమీ లేదు. కన్ను దగ్గర మాత్రం సన్నటి బుడగ వచ్చి, కాసేపు ఆగి, మళ్లీ ఇంకొకటి.

అప్పుడు అర్థమైంది. బంతి ఒక్కరోజులో మెత్తబడితే ఎవరికైనా తెలుస్తుంది. ఇది రోజుకు కొంచెం చొప్పున మెత్తబడింది, నా చెయ్యి రోజుకు కొంచెం చొప్పున గట్టిగా కొట్టడం నేర్చుకుంది. బొటనవేలితో నొక్కి చూస్తూనే ఉన్నాను గానీ, ఆ వేలు కూడా దానికే అలవాటు పడింది. మెత్తటి బంతి అరచేతిలో నొక్కుకుపోయి, కాస్త ఎక్కువసేపు అంటుకుని, నెమ్మదిగా బయలుదేరుతుంది. చేతి తప్పులను చాలావరకు మింగేస్తుంది. నేను గొప్పగా రాసుకున్న 14లో దాని వాటా ఎంతో! 4.4 పట్టించి అదే పెరట్లో అవే టైర్లకు కొడితే 20కి 6 పడ్డాయి. పుస్తకంలో ఆ పేజీ ఇప్పటికీ ఉంది, చించలేదు.

కొన్న దుకాణంలో అడిగితే వాల్వుకు గ్యారంటీ లేదన్నారు. అలాగని తప్పంతా తయారు చేసినవాళ్ల మీదికి తోయలేను. మొదటి నెలల్లో పంపు సూదిని తడపకుండా పొడిగా గుచ్చేవాడిని, అలా గుచ్చితే లోపలి రబ్బరు గీసుకుపోతుంది. ఇప్పుడు సూదికి గ్లిజరిన్ చుక్క రాసి, నిటారుగా, నెమ్మదిగా దించుతున్నాను. కారడం తగ్గింది, ఆగలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నర పైగా కొలవకుండా ఒక్క సర్వీసు కూడా కొట్టలేదు. పూర్తి గాలితో చెయ్యి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. మోచేతిని వెనక్కి లాగడం సగం తగ్గించాను. సముద్రం నా వెనక ఉన్న వైపు నుంచి కొట్టేటప్పుడు బంతి నెట్ మీద జానెడు ఎత్తునే దాటేలా చూసుకుంటాను, ఎదురుగాలికి మూరెడు ఎత్తు ఇస్తాను. ఇప్పుడు ఎదురుగాలిలో 20కి 12, 13 పడుతున్నాయి. వెనక గాలితో తొమ్మిది దాటడం లేదు. భుజం నొప్పి మాత్రం తగ్గింది. ఇది నేను అనుకోని లాభం. మెత్తటి బంతిని అంత దూరం పంపడానికి ఎంత బాదేవాడినో ఇప్పుడు తెలుస్తోంది.

పై తొడుగు ఇసుకకు చెక్కుచెదరదని కూడా అప్పట్లో రాశాను. రెండు పలకల అంచులు లేచాయి. ఆటకు అడ్డం రాలేదు.

కొనాలా అని అడిగితే, నా మాటను నా పరిస్థితితో కలిపి తీసుకోండి. నాది ఒంటరి సాధన, రోజుకు ముప్పావు గంట, పక్కనే పంపు, తీరుబడి. టాస్ ఇంకా నిలవనివాళ్లకు ఆ తెల్ల కన్ను కోసమైనా నేను దీన్నే చెబుతాను. అయితే ఏ బంతి మీదైనా స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టుకుంటే సరిపోదా అని మా మేనకోడలు అంటోంది, నా దగ్గర జవాబు లేదు. జట్టు మొత్తానికి ఒకే బంతి కొంటూ, గాలి సంగతి ఎవరూ పట్టించుకోని చోటయితే మాత్రం వద్దు. వచ్చే సంక్రాంతికి నేను కూడా వేరే బంతి చూస్తానేమో.

నిన్న పొద్దున 4.4 పట్టించాను. ఇది రాయడానికి కూర్చునే ముందు కొలిస్తే 3.9 ఉంది.