రెండేళ్లు, 3,400 కిలోమీటర్లు తొక్కాక నా హార్డ్‌టెయిల్ గురించి

హార్డ్‌టెయిల్ అంటే ముందు మాత్రమే షాక్ అబ్జార్బర్ ఉన్న మౌంటెన్ సైకిల్. నాది అల్యూమినియం ఫ్రేము, 29 అంగుళాల చక్రాలు, ముందు 100 మిల్లీమీటర్లు కుంగే ఫోర్కు, వెనక 12 గేర్లు. రెండేళ్లలో ఎక్కువగా వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవి దారుల్లోనే తిరిగింది. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను. కానీ దయచేసి షాపులోంచి తెచ్చిన సైకిల్‌తో నేరుగా రేసుకి వెళ్లకండి.

నేను వెళ్లాను. కొని పన్నెండు రోజులే. రెండో ల్యాప్‌లో ఎత్తు ఎక్కుతూ అన్నిటికంటే తేలిక గేరుకి మార్చగానే చైన్ పెద్ద పళ్లచక్రం దాటి చువ్వల్లో పడింది. నా రేసు అక్కడితో అయిపోయింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. విప్పి చూస్తే డిరైలర్ హ్యాంగర్ (చైన్‌ని గేరు నుంచి గేరుకి జరిపే డిరైలర్‌ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) లోపలికి వంగి ఉంది, బహుశా అట్టపెట్టెలో వచ్చేటప్పుడే వంగి ఉంటుంది. షాపులో స్టాండ్ మీద పెడల్ తిప్పి, గేర్లు పడుతున్నాయని చెప్పి ఇచ్చేశారు. స్టాండ్ మీద పడే గేరు, కాళ్ల బరువంతా వేసి తొక్కినప్పుడు పడకపోవచ్చు. సైకిల్ వెనక కూర్చుని చూడండి: డిరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ పైనున్న పళ్లచక్రంతో ఒకే గీతలో ఉండాలి. వంకరగా ఉంటే ముందు హ్యాంగర్ సరిచేయించి, తర్వాతే ఎల్ స్క్రూ (చైన్ చువ్వల వైపు దాటిపోకుండా డిరైలర్‌ని ఆపే స్క్రూ) ముట్టుకోవాలి. దెబ్బ తగిలితే ఫ్రేముకు బదులు తానే వంగేలా హ్యాంగర్‌ని మెత్తగా చేస్తారు, అందుకే తేలిగ్గా వంగుతుంది.

మొదటి వంద కిలోమీటర్లలో కొత్త సైకిల్ సర్దుకుంటుంది. గేరు కేబుల్ లూజై గేర్లు తడబడతాయి, చువ్వల టెన్షన్ తగ్గుతుంది. నా వెనక చక్రాన్ని మొదటి ఏడాదే మూడుసార్లు సరిచేయించాను, ఈ సైకిల్‌లో నాకు నచ్చనిది ఆ చక్రాలే. కొత్త డిస్క్ బ్రేకులు కూడా మొదట్లో సరిగ్గా పట్టవు. ఓ మాదిరి వేగం నుంచి ఇరవైసార్లయినా గట్టిగా నొక్కి, పూర్తిగా ఆగకముందే వదిలితే ప్యాడ్లు కుదురుకుంటాయి.

హ్యాండిల్ దగ్గర అశ్రద్ధ వద్దు. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. హెడ్‌సెట్ (ఫ్రేములో ఫోర్కు తిరిగేచోట ఉండే బేరింగులు) మీద పెట్టిన వేలికి టక్‌మని తగిలితే అది వదులుగా ఉన్నట్టే. స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకు కలిపే భాగం) బోల్టుల బిగుతు నాకు 5 న్యూటన్ మీటర్లు, మీది స్టెమ్ మీదే రాసి ఉంటుంది. అలెన్ కీతో చేతి అంచనా నమ్మకండి, ఎంత బిగించామో చూపే టార్క్ రెంచ్ కొనుక్కోండి.

వానాకాలం ఎర్రమట్టికి హెడ్‌సెట్ కింది బేరింగ్ ఒకటి పోయింది. 1,900 కిలోమీటర్ల దగ్గర చైన్ అరుగుదల కొలిచే గేజ్ 0.5 శాతం చూపిస్తే చైన్ మార్చాను. ఫోర్కు, బ్రేకులు ఇప్పటికీ ఏ ఇబ్బందీ పెట్టలేదు.

ఇప్పుడు కొత్త చైన్ వేసినా రేసుకి రెండు వారాల ముందే వేస్తాను. వేశాక వచ్చే ఆదివారం అదే ఎత్తు మీద పన్నెండు గేర్లూ మార్చి చూస్తాను. సీటు కింది సంచిలో విడి హ్యాంగర్ ఎప్పుడూ ఉంటుంది.