ఫుట్‌బాల్ ప్రసారం: వేలంపాట, సొంత యాప్, దూరదర్శన్ – ఏది మేలు?

ఇంగ్లండ్ లీగ్ మ్యాచ్‌లను ప్రత్యక్షంగా చూపించడానికి 1983లో బీబీసీ, ఐటీవీ ఛానళ్లు కలిసి రెండేళ్లకు చెల్లించినది 52 లక్షల పౌండ్లు. 1988లో ఐటీవీ ఒక్కటే నాలుగేళ్లకు 4.4 కోట్లు ఇచ్చింది. 1992లో అక్కడి అగ్రశ్రేణి పోటీగా ప్రీమియర్ లీగ్ పుట్టగానే ఐదేళ్ల ఒప్పందం విలువ 30.4 కోట్ల పౌండ్లకు ఎగిరింది. 2016 నుంచి 2019 వరకు మూడేళ్లకు ఆ దేశంలో చూపించే హక్కుల ధర ఏకంగా 513.6 కోట్ల పౌండ్లు.

ఈ లెక్కలన్నీ లండన్‌వి. అయినా వాటి ఫలితం విజయనగరం దాకా వచ్చింది. అక్కడ నేర్చిన పద్ధతిలోనే ప్రతి లీగూ తన హక్కులను దేశాలవారీగా, విడివిడిగా అమ్ముకుంటోంది. 2025-26 సీజన్‌లో మన దగ్గర ప్రీమియర్ లీగ్ చూడాలంటే జియోహాట్‌స్టార్, యూరప్ మేటి క్లబ్బులు తలపడే ఛాంపియన్స్ లీగ్ కావాలంటే సోనీ, స్పెయిన్ లా లిగా కావాలంటే ఫ్యాన్‌కోడ్. ఆట ఒకటే, చందాలు మూడు. విజయనగరం అయోధ్య మైదానంలో సాయంత్రం బంతి తన్ని ఇంటికి వెళ్లే కుర్రాడి జేబు ఇన్నిటిని మోయలేదు. కాబట్టి ఆటను జనానికి చేర్చడానికి ఏ దారి మంచిదో తేల్చుకోవడం మనకూ అవసరమే.

ముందు వేలంపాట సంగతి. దీన్ని పూర్తిగా తప్పుపట్టడం న్యాయం కాదు. లీగ్ మొత్తం కలిసి హక్కులు అమ్మి డబ్బు పంచుకుంటే చిన్న క్లబ్బులూ బతుకుతాయి. ప్రీమియర్ లీగ్ స్వదేశీ ప్రసార ఆదాయంలో సగం అన్ని క్లబ్బులకూ సమానంగా పంచుతారు. పావు వంతు పట్టికలో స్థానాన్ని బట్టి, మరో పావు వంతు ఎన్ని మ్యాచ్‌లు టీవీలో వచ్చాయన్న దాన్ని బట్టి ఇస్తారు. స్పెయిన్‌లో ఏ క్లబ్బు హక్కులు ఆ క్లబ్బే అమ్ముకున్నంత కాలం రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలే సింహభాగం పట్టుకుపోయాయి. 2015లో ప్రభుత్వం చట్టం తెచ్చి ఉమ్మడి అమ్మకాన్ని తప్పనిసరి చేసింది.

చిక్కంతా చూసేవాడి దగ్గర మొదలవుతుంది. చాలాకాలం ప్రీమియర్ లీగ్ ప్రత్యక్ష ప్రసారాలన్నీ స్కై అనే చందా ఛానల్ ఒక్కదాని చేతిలోనే ఉండేవి. గుత్తాధిపత్యం కూడదని యూరోపియన్ కమిషన్ పట్టుబట్టడంతో, 2007-08 సీజన్ నుంచి అన్ని మ్యాచ్‌లూ ఒకే సంస్థకు అమ్మకూడదన్న నియమం వచ్చింది. పోటీ పెరిగితే ధర తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. కొన్ని మ్యాచ్‌లు సెటాంటా అనే సంస్థకు వెళ్లాయి. అంతకుముందు ఒక చందాతో సరిపెట్టుకున్న అభిమాని రెండు కట్టాల్సి వచ్చింది. 2009లో సెటాంటా బ్రిటన్‌లో మూతపడింది. తర్వాత ఇంకొకరు వచ్చారు. రెండు చందాల బాధ మాత్రం పోలేదు.

దీనికి కారణం సులువుగానే అర్థమవుతుంది. ఒకే కూరగాయను పది దుకాణాలు అమ్మితే కొనేవాడికి లాభం. ఫుట్‌బాల్ మ్యాచ్ అలాంటి సరుకు కాదు. ఆర్సెనల్ క్లబ్బు ఆడే ఆట ఒక్క చోటే దొరుకుతుంది, దానికి బదులుగా మరో మ్యాచ్ చూసి తృప్తిపడే అభిమాని ఉండడు. ఛానళ్లు పోటీపడేది మనకు చవగ్గా అమ్మడానికి కాదు, లీగ్ నుంచి ఎక్కువకు కొనడానికి. ఆ ఎక్కువంతా చివరికి చందాలోకి వచ్చి చేరుతుంది. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు: ప్రసార హక్కుల్లో పోటీ అమ్మేవాడికి మేలు చేస్తుంది, చూసేవాడికి చేయదు.

అలాగని ధర ఎప్పటికీ పైకే పోదు. 2025 నుంచి నాలుగేళ్లకు స్కై, టీఎన్‌టీ స్పోర్ట్స్ ఇస్తున్నది 670 కోట్ల పౌండ్లు. పైకి రికార్డులాగే ఉంది. అయితే 2016 ఒప్పందంలో ఏడాదికి 168 మ్యాచ్‌లు ఉంటే ఇప్పుడు కనీసం 267. భాగించి చూస్తే ఒక్కో మ్యాచ్ ధర కోటి పౌండ్ల పైనుంచి 63 లక్షలకు దిగింది. సరుకు పెంచి మొత్తాన్ని నిలబెట్టుకున్నారు.

ధరను అతిగా నమ్ముకుంటే ఏమవుతుందో ఫ్రాన్స్ చూసింది. 2020లో అక్కడి లీగ్ ఏడాదికి 80 కోట్ల యూరోలకు పైగా ఇస్తానన్న మీడియాప్రో సంస్థ మీద ఆశ పెట్టుకుంది. ఆ సీజన్ సగం కాకముందే ఆ సంస్థ చెల్లింపులు ఆపి తప్పుకుంది. ఆ డబ్బు వస్తుందనుకుని జీతాలు ఒప్పుకున్న క్లబ్బులు నడిరోడ్డున పడ్డాయి. తర్వాత వచ్చిన డాజ్‌న్ అనే ప్రసార సంస్థతోనూ కుదరక, 2025 ఆగస్టులో లీగ్ తానే ‘లీగ్ 1 ప్లస్’ పేరుతో సొంత వేదిక పెట్టుకుంది. అదే రెండో దారి. మధ్యవర్తి ఉండడు, ధర లీగ్ చేతిలో ఉంటుంది, నాకు నచ్చిన అంశం అది. కానీ కొనడానికి అభిమానులు ముందే సిద్ధంగా ఉన్న దేశంలో నడిచే ఏర్పాటు ఇది. మన దేశంలో ఇండియన్ సూపర్ లీగ్ ఇలాంటి యాప్ పెడితే ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా ఎంతమంది డబ్బు కట్టి చూస్తారు?

మన లీగ్ పరిస్థితి నిజంగా బాధ కలిగిస్తుంది. 2010లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులపై 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. 2014లో లీగ్ మొదలైంది. ఒప్పందం గడువు ముగింపుకు వచ్చేసరికి, 2025 జూలైలో లీగ్ కొత్త సీజన్‌ను తాత్కాలికంగా ఆపేశారు. ఆ ఏడాది చివర్లో వాణిజ్య హక్కులకు టెండర్ పిలిస్తే ఒక్కరూ ముందుకు రాలేదు. అదే దేశంలో ఐపీఎల్ 2023-27 ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ హక్కుల ధర ఆకాశానికి ఎక్కిందని గోల, ఇక్కడ అప్పుడు కొనే నాథుడే లేకపోయాడు.

క్రికెట్‌కు ఆ విలువ ఎలా వచ్చింది? 1936లో ఇంగ్లండ్‌లో భారత జట్టుకు నాయకత్వం వహించిన విజ్జీ మన విజయనగరం రాజకుటుంబీకుడే. అయినా ఈ జిల్లాల్లో క్రికెట్ ఇంటింటి ఆట అయింది రాజుల వల్ల కాదు. ఆకాశవాణి వ్యాఖ్యానం, ఆపైన దూరదర్శన్ దానిని మ్యాచ్‌లకని విడిగా పైసా అడగకుండా కొన్ని దశాబ్దాలు మోసుకొచ్చాయి. చూపరులు ముందు పెరిగారు, కోట్లు తర్వాత వచ్చాయి. ఫుట్‌బాల్‌కు మనం ఆ వరుసను తిరగేసి, ముందే కోట్లు అడుగుతున్నాం.

అందుకే మూడో దారి, అంటే దూరదర్శన్‌లో ఉచిత ప్రసారం వైపు మొగ్గుతాను. దానికి చట్టపరమైన పునాది కూడా ఉంది. క్రికెట్ ప్రసారాల మీద వచ్చిన కేసులోనే 1995లో సుప్రీంకోర్టు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. 2007 చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం ఉన్న ఆటల ప్రసారాన్ని ప్రైవేటు ఛానళ్లు దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతితో పంచుకోవాలి. టీవీ ప్రకటనల ఆదాయంలో కనీసం 75 శాతం హక్కుదారుకే వెళ్తుంది. ఆ ప్రసారం దూరదర్శన్ సొంత వ్యవస్థలకే, అంటే నేలమీది ట్రాన్స్‌మిటర్లకు, డీడీ ఫ్రీ డిష్‌కే పరిమితమని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కేబుల్‌లో చూసేవారికి ఇది నిరాశే. కానీ శ్రీకాకుళం తీరంలో, మగవాళ్లు వేటకు గుజరాత్‌లోని వేరావల్ దాకా వలసపోయే ఊళ్లలో, ఒకసారి గొడుగు కొని బిగించుకుంటే నెలనెలా కట్టక్కర్లేని ఫ్రీ డిష్ చిన్న విషయం కాదు.

ఉచిత ప్రసారానికి లోపాలు లేవని అనను. దూరదర్శన్ ఇచ్చే డబ్బుతో క్లబ్బులు నడవవు. ప్రకటనలు రాకపోతే మొదట ఎత్తేసేది మన ఆటనే. బ్రిటన్ కూడా అన్నీ ఉచితం చేయలేదు. 1996 చట్టం కింద ప్రపంచకప్, ఇంగ్లండ్ క్లబ్బుల ఎఫ్‌ఏ కప్ ఫైనల్ లాంటివి అందరికీ అందే ఛానళ్లకు కేటాయించి, వారం వారం లీగ్ ఆటలను బజారుకు వదిలేసింది. ఆ లీగ్ ఆటల ముఖ్య ఘట్టాలు మాత్రం బీబీసీలో వస్తాయి.

ఇంటి లెక్కకు వస్తే, విదేశీ లీగుల కోసం మూడు చందాలూ కట్టవద్దనే చెబుతాను. ఛాంపియన్స్ లీగ్ చలికాలంలో అర్ధరాత్రి ఒకటిన్నరకు మొదలవుతుంది. పొద్దున్నే బస్సెక్కి కాలేజీకి వెళ్లే పిల్లలు దాన్ని ఎన్ని రాత్రులు చూడగలరు? మరునాడు యూట్యూబ్‌లో ముఖ్య ఘట్టాలు చాలు. ప్రీమియర్ లీగ్ శనివారం మ్యాచ్‌లు అదే కాలంలో రాత్రి ఎనిమిదిన్నరకు వస్తాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడగలిగిన వేళ అది. ఒక్కటే కట్టాలంటే దానికి కట్టండి.

మన లీగ్‌కు మాత్రం ఆ లెక్క పనికిరాదు. తదుపరి టెండర్ రాసేటప్పుడు, శని, ఆదివారాల్లో ఒక్కో మ్యాచ్‌ను డీడీ స్పోర్ట్స్‌లో చూపించి తీరాలన్న షరతు మొదటి పేజీలోనే ఉండాలి. దానివల్ల వేలంలో పాట కాస్త తగ్గినా సమాఖ్య భరించాలి. మిగతా మ్యాచ్‌లు ఎవరికి ఎంతకు అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు.