ఎస్‌పీ-ఏ, ఎస్‌పీ-డి: ఫ్లూ వైరస్‌ని పట్టడంలో ఏది మేలు?

ఊపిరితిత్తుల గాలిగదుల లోపల పూతలా ఉండే పదార్థం సర్ఫాక్టెంట్. అందులో ఎస్‌పీ-ఏ, బి, సి, డి అని నాలుగు ప్రోటీన్లుంటాయి (ఎస్‌పీ అంటే సర్ఫాక్టెంట్ ప్రోటీన్). ఈ పాఠం అయిన ప్రతిసారీ క్లాసులో ఎవరో ఒకరు లేచి ఏ, డి-ల గురించి ఇదే అడుగుతారు. "సార్, రెండూ కలెక్టిన్లే (క్రిముల మీది చక్కెరల్ని పట్టే ప్రోటీన్లు), రెండూ ఊపిరితిత్తుల్లోనే ఉంటాయి, రెండూ వైరస్‌ని పడతాయి. మరి ఏది గట్టిది?"

బి, సి సంగతి ముందే తేల్చేద్దాం. వాటి పని గాలిగదులు ముడుచుకుపోకుండా చూడటం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకిచ్చే, జంతువుల ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్ మందుల్లో ఉండేవి ఇవే. ఏ, డి వాటిలో ఉండవు. మన ప్రశ్నకి బి, సి అక్కర్లేదు.

పిల్లలు సాధారణంగా ఎస్‌పీ-ఏ వైపు మొగ్గుతారు. మోతాదులో అదే ఎక్కువ. ఆకారం పూలగుత్తిలా ఉంటుంది, 6 కాడలు, కాడకి 3 చొప్పున 18 తలలు (చక్కెరని పట్టే భాగాలు). డి-కి 12 తలలే, నాలుగు చేతులు నాలుగు దిక్కులకు చాచి ఉంటుంది. అయితే ఆ చేతులు పొడవు. ఈ కొస నుంచి ఆ కొసకి దాదాపు 100 నానోమీటర్లు, అంటే ఇంచుమించు ఒక ఫ్లూ వైరస్ అంత. ఒక చేత్తో ఒక వైరస్‌ని, ఇంకో చేత్తో మరోదాన్ని పట్టి ముద్ద చేసేస్తుంది. ముద్దని మాక్రోఫేజ్ (క్రిముల్ని మింగే రక్షణ కణం) మింగడం తేలిక.

నా లెక్కలో అసలు తేడా తలల్లో లేదు, ఎవరు ఎవర్ని పట్టుకుంటున్నారన్న దాంట్లో ఉంది. డి తానే పోయి పట్టుకుంటుంది. కణాన్ని పట్టుకోవడానికి వైరస్ వాడే హీమగ్లుటినిన్ అనే ప్రోటీన్ మీదుండే మన్నోజ్ చక్కెరల్ని కాల్షియం సాయంతో ఒడిసిపడుతుంది. ఎస్‌పీ-ఏ విషయంలో ఇది తిరగబడుతుంది. దాని తల మీదే సయాలిక్ ఆమ్లం తగిలించిన చక్కెర ఉంటుంది. కణంలోకి దూరడానికి వైరస్ వెతికేదీ సయాలిక్ ఆమ్లాన్నే కాబట్టి, కణమనుకుని దీన్నే పట్టుకుంటుంది. డి వల, ఏ గాలం అన్నమాట. చిక్కేమిటంటే, ఆ ఎరని (సయాలిక్ ఆమ్లాన్ని) కత్తిరించే న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్ కూడా వైరస్ దగ్గరే ఉంది. డి అయితే ఆ కత్తెరకీ అడ్డుపడుతుంది. ల్యాబ్‌లో ఫ్లూ మీద ఏ కంటే డి దెబ్బ గట్టిగా ఉండేది ఇందుకే.

నా ఓటు డి-కే. దానికి ఇంకో కారణం ఉంది. యాంటీబాడీల కళ్లుగప్పడానికి ఫ్లూ వైరస్ ఏళ్ల తరబడి ఒంటి మీద చక్కెరలు పెంచుకుంటూ పోతుంది. 1968లో వచ్చిన హెచ్3ఎన్2 చేసింది అదే. కానీ చక్కెర పెరిగేకొద్దీ డి-కి పట్టు దొరుకుతుంది. వైరస్‌కి ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మరి కొత్తగా దిగిన వైరస్ అయితే? ఇక్కడ డి తేలిపోతుంది. 1918, 1957, 1968, 2009 మహమ్మారుల హీమగ్లుటినిన్‌కి తల మీద చక్కెరలు తక్కువ. డి పట్టు జారుతుంది, ఎలుకల్లో చూస్తే ఊపిరితిత్తుల లోపలి దాకా దెబ్బ తగులుతుంది. ఎస్‌పీ-ఏ గాలానికి వైరస్ చక్కెరలతో పని లేదు నిజమే, కానీ అంత బలహీనమైన పట్టుని నమ్ముకుని కూర్చోలేం. అలాగని ఎస్‌పీ-ఏ దండగ కాదు. అది లేని ఎలుకలు ఆర్‌ఎస్‌వీ అనే మరో శ్వాసకోశ వైరస్‌ని వదిలించుకోవడానికి ఎక్కువ తంటాలు పడతాయి. డి లేని ఎలుకలకైతే ఇన్ఫెక్షన్ ఏదీ రాకుండానే మాక్రోఫేజ్‌లు కొవ్వుతో ఉబ్బిపోతాయి, గాలిగదులు సాగిపోతాయి.

మన్నోజ్ బైండింగ్ లెక్టిన్ అనే మరో కలెక్టిన్ గురించి కూడా అడుగుతుంటారు. అది కాలేయంలో తయారై రక్తంలో తిరిగేది. మామూలు రోజుల్లో గాలిగదుల్లో దాని ఉనికి నామమాత్రం.

ఈ పోటీలో నాకు అసూయ పుట్టించేది మాత్రం పంది. దాని ఎస్‌పీ-డి తల మీద సయాలిక్ ఆమ్లం ఉన్న చక్కెర కూడా ఉంటుంది. వలా అదే, గాలమూ అదే. మనిషి డి-కి లొంగని ఫ్లూ రకాలు కొన్ని దానికి లొంగుతాయి.