నోటుబుక్కా, పోటీ గడువా, రోజువారీ సీరియలా: కొత్తగా కథలు రాసేవాళ్లకు ఏది మేలు?

ఈ నెలలో ఒకే ప్రశ్న ముగ్గురు అడిగారు. ఒకరు మా స్కూల్లో సైన్సు మేడమ్. ఒకరు పదేళ్ల కిందట నా దగ్గర టెన్త్ చదివిన అమ్మాయి. మూడోవాడు మా మరిది కొడుకు. వాడు ఉద్యోగం హైదరాబాదులో, బెంగ విజయనగరంలో పెట్టుకుని బతుకుతున్నాడు. "పెద్దమ్మా, కథలు రాయాలని ఉంది. ఏం రాయాలో తోచదు. తోచినా కూర్చోబుద్ధి కాదు. అసలు ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?" మాటలు అటూ ఇటూగా మిగతా ఇద్దరిదీ ఇదే గోల.

ముగ్గురికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పాను. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

వాళ్లు ఒకే జబ్బు అనుకుంటున్నవి నిజానికి రెండు. తోచకపోవడం ఒకటి, కూర్చోకపోవడం ఒకటి. చాలామంది రెండోదే పెద్ద జబ్బనుకుంటారు. "నాకు బద్ధకం ఎక్కువండీ" అని తమను తామే తిట్టుకుంటారు. నా లెక్క వేరు. మనం బద్ధకం అనుకునేదాంట్లో ముప్పాతిక భాగం చేతిలో సరుకు లేకపోవడమే. ఇంట్లో కూరగాయలు లేనప్పుడు పొయ్యి వెలిగించాలనిపించదు. అది వంట మీద విరక్తి కాదు కదా. ఈ ఒక్క సంగతి పట్టుకుని చూస్తే ఏ దారి ఎందుకు పనికొస్తుందో తేలిపోతుంది.

ముందు పోటీల సంగతి. 1910లో ఆంధ్రపత్రిక ఉగాది సంచిక తెచ్చిన నాటి నుంచి పండగంటే ప్రత్యేక సంచిక అని మనకు అలవాటైంది. ఇప్పుడు ఉగాదికీ సంక్రాంతికీ కథల పోటీల ప్రకటనలు తప్పవు. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కు 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. అప్పట్నుంచీ పోటీ అంటే మనవాళ్లకు గౌరవం ఇంకాస్త ఎక్కువ. పోటీ ఇచ్చే మేలు చిన్నదేం కాదు. ఫలానా తేదీ అంటుంది, ఇన్ని పదాలు మించకూడదంటుంది. చివర్లో 'ఈ కథ నా సొంతం, దేనికీ అనువాదం గానీ అనుసరణ గానీ కాదు, ఎక్కడా ప్రచురణ కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు' అని హామీపత్రం రాయించుకుంటుంది. ఆ నాలుగు ముక్కలకింద సంతకం పెట్టినప్పుడు మొదటిసారి నేను రచయిత్రిని అనిపించింది నాకు. నవ్వకండి, నిజమే.

కానీ ఆ మొదటి కథ ఎలా పుట్టిందో చెప్తాను. గడువు నెలాఖరు. ఇరవై తొమ్మిదో తేదీ రాత్రి, పిల్లలు పడుకున్నాక కూర్చున్నాను. చేతిలో ఏమీ లేదు. అరగంట గోడకేసి చూశాక ఒక ముసలి తండ్రి ప్రత్యక్షమయ్యాడు. ఇద్దరు కొడుకులూ అమెరికాలో, ఆయన వృద్ధాశ్రమంలో. చివర్లో ఆయన పోతాడు, దిండు కింద ఉత్తరం దొరుకుతుంది. అప్పటికి నేను వృద్ధాశ్రమం గడప తొక్కి ఎరగను. అమెరికా సంగతి సరేసరి. రాస్తూ ఏడ్చాను కూడా. పోటీకొచ్చిన కథల్లో అలాంటి తండ్రులు ఇంకెంతమంది ఉన్నారో న్యాయనిర్ణేతలకే తెలియాలి. బహుమతి రాలేదు. సాధారణ ప్రచురణకూ తీసుకోలేదు.

తప్పు పోటీది కాదు. గడువు మనల్ని కూర్చోబెడుతుంది, అంతవరకే దాని పని. కూర్చున్నాక ఖాళీ బుర్రకు అందేది అందరికీ అందే కొమ్మే. కంగారులో తోచే కథ ఎప్పుడూ ఎక్కడో చదివిన కథే. పైగా ఫలితాలొచ్చేదాకా దాన్ని ఇంకోచోటికి పంపకూడదు. నాలుగు నెలలో ఆరు నెలలో ఆ ఒక్కదాని మీదే ప్రాణం పెట్టుకుని కూర్చుంటాం, రెండోది మొదలెట్టం. రాక రాక వచ్చిన ఉత్సాహం ఫలితాల జాబితాలో పేరు వెతుక్కోవడంతో ఆవిరైపోతుంది. నాకలా రెండేళ్లు పోయాయి.

యాపుల్లో సీరియల్ రాయడం ఇప్పటి దారి. నా పాత విద్యార్థిని అదే చేస్తోంది. పేరు చెప్పను గానీ నలభై రెండు భాగాలయ్యాయి. రోజూ రాత్రి పదింటికి ఒక భాగం పెడుతుంది. కింద "నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు సిస్" అని కామెంట్లు. కూర్చోకపోవడం అనే జబ్బుకు ఇంతకంటే మందు లేదు, ఒప్పుకుంటాను. రోజూ ఆరేడు వందల పదాలు రాస్తే చేయి తిరుగుతుంది. సంభాషణ ఎక్కడ లాగుతోందో, పాఠకులు ఎక్కడ జారుకుంటున్నారో మర్నాడే తెలిసిపోతుంది. మాకు ఆ భాగ్యం లేదు. పత్రికకు పంపిన కథ బావిలో వేసిన రాయిలా చప్పుడైనా చేసేది కాదు.

చిక్కల్లా ఇరవయ్యో భాగం దాటాక వస్తుంది. తెచ్చుకున్న సరుకు అయిపోతుంది, రాత్రి పది మాత్రం రోజూ అవుతుంది. ఈ అమ్మాయి ముప్ఫయ్యో భాగంలో హీరోయిన్‌కి గతం మరపించేసింది. "ఎందుకే?" అన్నాను. "ఏం తోచలేదు మేడమ్. ఆపేస్తే వాళ్లు ఫీలవుతారు" అంది. పాపం, చాలా నిజాయితీగా చెప్పింది. అంటే చూడండి, పోటీలాగే ఇదీ కూర్చోబెట్టే యంత్రమే. తేడా ఏమిటంటే పోటీ ఏడాదికి రెండుసార్లు కూర్చోబెడుతుంది, ఇది రోజూ. సరుకు మాత్రం రెండూ ఇవ్వవు.

ఇక నోటుబుక్కు. డైరీ అనలేదు, గమనించండి. మా ఊరి గురజాడ వారి డైరీలు పుస్తకంగా అచ్చయ్యాయి. అలాంటివారు రాస్తే అది వేరే సంగతి. మనలాంటివాళ్ల డైరీ పది రోజుల్లో 'ఈరోజు తలనొప్పి, అత్తగారితో మాట పట్టింపు' దగ్గర ఆగిపోతుంది. నేను చెప్పేది విన్న మాటల పుస్తకం. పర్సులో పట్టే చిన్న పుస్తకం చాలు. అందులో మనం అన్నది, అనుకున్నది ఒక్కటీ ఉండకూడదు. ఎదుటివాళ్ల నోట వచ్చిన వాక్యం, వచ్చింది వచ్చినట్టు. యాస దిద్దకూడదు, వ్యాకరణం సరిచేయకూడదు. తెలుగు టీచరుకి ఇది ఎంత కష్టమో మీకు తెలీదు. పక్కన తేదీ, చోటు. పేరు వద్దు. 'పాపం', 'ఎంత దారుణం' లాంటి వ్యాఖ్యలు అసలే వద్దు. వ్యాఖ్య రాసిన మరుక్షణం దాంతో మన పని తీరిపోతుంది, కథ చచ్చిపోతుంది.

ఒక ఉదాహరణ. గజపతినగరం బస్సులో పక్క సీటావిడ కండక్టరుతో కాదు, నాతో కాదు, కిటికీతో అన్నట్టుగా అంది: "ఆయన పోయి రెండేళ్లయినాది. ఆ ఫోనుకి డబ్బులు మాత్రం యేస్తన్నాను." రాసుకున్నాను. ఎంత బెంగో పాపం అనుకున్నాను లోపల, అది మాత్రం రాయలేదు. రాయకపోవడమే మంచిదైంది. ఎందుకంటే ఐదు నెలల తర్వాత సచివాలయం దగ్గర ఇంకెవరో ముసలావిడ వేలిముద్ర పడక యంత్రం మీద మళ్లీ మళ్లీ వేలు పెడుతోంది. "యాభై ఏళ్లు గడ్డి కోసిన సెయ్యి నాయనా, గీతలెక్కడుంటాయి?" అంది. అదీ రాసుకున్నాను. రెండింటికీ సంబంధం ఉందని అప్పుడు తోచలేదు.

వేసవి సెలవుల్లో పుస్తకం మొదట్నుంచీ చదువుతుంటే రెండు పేజీలూ ఒకదాన్నొకటి పిలుచుకున్నాయి. వేలిముద్ర పడకపోతే ఓటీపీ అడుగుతారు. ఓటీపీ ఆధార్‌కి ఇచ్చిన నంబరుకి వస్తుంది. ఆ నంబరు ఆయనది. అంటే ఆవిడ ఫోనుకి డబ్బులు వేసేది ప్రేమతోనేనా, ఆయన లేకపోతే తను ఎవరో రుజువు చేసుకునే దారి లేకనా? రెండూనా? నాకు తెలీదు. తెలీకపోవడం వల్లే కూర్చున్నాను. ఎవరూ గడువు పెట్టలేదు, ఎవరూ 'నెక్స్ట్ పార్ట్' అనలేదు. మూడు రాత్రుల్లో అయిపోయింది. తోచకపోవడానికి మందు దొరికితే కూర్చోకపోవడం దానంతటదే తగ్గుతుందని నేనంటున్నది దీన్ని చూసే.

ఒక్క వాక్యంలో కథ ఉండదు. రెండు వాక్యాలు రాజుకున్నప్పుడు ఉంటుంది. అందుకే రాసినరోజే కథ చేయాలని చూడకండి. మూడు నెలలు ఆగి చదవండి. ఎక్కువ పేజీలు చప్పగా ఉంటాయి, ఉండనివ్వండి. నా పుస్తకంలో 'పెసరట్టులో ఉప్పు తక్కువైతే మనిషిని పోల్చుకోవచ్చు' అని ఒకటుంది. ఎవరన్నారో, ఎందుకన్నారో నాకే గుర్తులేదు. ఏడేళ్లుగా అలాగే ఉంది.

ఈ పద్ధతికి లోపం లేదనను. మొదటిది, దాచుకునే జబ్బు. పుస్తకం నిండుతుంటే రాస్తున్నట్టే ఉంటుంది, రాయడం జరగదు. నాకు వరసగా మూడు పుస్తకాలు నిండాయి, కథ ఒక్కటీ రాలేదు. అప్పుడు కదిలించింది మళ్లీ పోటీ ప్రకటనే. అందుకని పోటీలు మానేయమని నేననను. పుస్తకంలో కనీసం యాభై పేజీలున్నవాళ్లు ఏడాదికి ఒక గడువు పెట్టుకోవచ్చు, అంతకంటే వద్దు. రెండోది, మనుషులు. ఎవరి మాట ఎత్తుకున్నామో వాళ్లు చదివి గుర్తుపట్టి నొచ్చుకునేలా ఉంటే ఆ కథ రాయకూడదు. ఊరు మార్చినా, కులం మార్చినా మాట విరుపు పట్టిస్తుంది. మా ఆడపడుచు మాట ఒకటి బ్రహ్మాండమైనది ఉంది నా దగ్గర. వాడలేను. ఆవిడ ఉన్నంతకాలం వాడను.

మిగిలినవి కూడా అడుగుతారు కాబట్టి చెప్తాను. వాట్సాప్ గ్రూపుల్లో బొమ్మ ఇచ్చి కథ రాయమనడం సరదాకి బాగుంటుంది. చందమామలో రెండు ఫొటోలిచ్చి వ్యాఖ్యలు అడిగేవాళ్లు, కార్డు ముక్క మీద రాసి పంపేవాళ్లం. అది ఇల్లంతా కలిసి ఆడుకునే ఆట, రచన కాదు. కార్యశాలలు ఒకసారి వెళ్లిరండి, స్నేహితులు దొరుకుతారు. కృత్రిమ మేధను ఐడియా అడిగితే నా ముసలి తండ్రిని, దిండు కింద ఉత్తరాన్ని మళ్లీ తెచ్చిచ్చింది. చదవడం గురించి వేరే చెప్పాలా? శ్రీకాకుళంలో కారా మాస్టారు, అంటే కథకులు కాళీపట్నం రామారావు గారు, 1997లో పెట్టిన కథానిలయం ఉంది. తెలుగు కథలకే ప్రత్యేకమైన గ్రంథాలయం. ఒక పూట ఆ బీరువాల మధ్య తిరిగి రండి. పేరు నిలవనివాళ్లు కూడా ఎన్నెన్ని కథలు రాశారో కళ్లారా చూస్తే భయం కొంత పోతుంది.

పుస్తకమా, ఫోనా అని మావాడు అడిగాడు. ఏదైనా ఒకటే, కాకపోతే రికార్డింగు వద్దు. దొంగతనంగా గొంతు పట్టుకోవడం తప్పు. పైగా రికార్డు ఉందన్న ధీమాతో చెవి పనిచేయడం మానేస్తుంది. వాడు ఫోన్లోనే రాసుకుంటున్నాడట, మెట్రోలో. నా శిష్యురాలు సీరియల్ ముగించాక చూస్తానంది. హీరోయిన్‌కి గతం ఇంకా గుర్తురాలేదు. సైన్సు మేడమ్ మాత్రం మర్నాడే పుస్తకం కొనేసింది. మొన్న స్టాఫ్‌రూములో నేనేదో గొణుక్కుంటుంటే ఆవిడ చెయ్యి పర్సులోకి వెళ్లింది, నన్ను చూసి ఆగింది. అప్పట్నుంచీ ఆవిడ ముందు నేనే కాస్త చూసుకుని మాట్లాడుతున్నాను.