చెక్క బీరువాకి ఏ ఎనామెల్ మేలు: ఆయిల్‌దా, వాటర్‌దా?

పైడితల్లమ్మ పండగ ముందొకసారి, సంక్రాంతి ముందొకసారి మా చుట్టాల ఫోన్లు ఒకే ప్రశ్నతో వస్తాయి. "పాత బీరువాకి రంగేద్దామనుకుంటున్నాం, ఆయిల్ పెయింట్ వేయాలా, నీళ్లు కలిపేది వేయాలా?" మొన్న కళింగపట్నం వైపు ఉండే మా అప్ప కూడా అడిగింది. ఫోన్‌లో చెప్తే సగమే గుర్తుంటుంది కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను. శాండ్ పేపర్ పట్టడం, పుట్టీ పెట్టడం, ప్రైమర్ వేయడం అందరికీ తెలిసినవే. అవసరమైన చోట తప్ప వాటి జోలికి పోను.

విజయనగరంలో మా ఇంట్లో ఒకే బీరువాకి రెండు రంగులూ వేసి చూశాం. నాయనమ్మ నాటి మద్ది చెక్క బీరువా అది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ గాలికి కిటికీ రెక్క ఊడిపోయి నిలువునా తడిసింది. భోగి మంటలో వేసేద్దామన్నారు చిన్నాన్న. అమ్మ ఒప్పుకోలేదు. బాగా ఆరనిచ్చి తెల్ల ఆయిల్ ఎనామెల్ వేశాం. వేసిన పూట అద్దంలా ఉంది. మర్నాడు చూస్తే దోమలు, దుమ్ము, ఎవరిదో ఒక వెంట్రుక, అన్నీ అందులోనే అతుక్కుని ఉన్నాయి. మూడో రోజుక్కూడా తలుపు పట్టుకుంటే వేలికి జిగురు తగిలేది. రెండేళ్లు తిరిగేసరికి లోపలి వైపు మీగడ రంగుకి వచ్చింది, ఆ తర్వాత పసుపు. బయట, వెలుతురు పడే వైపు అంత మారలేదు. ఆయిల్ ఎనామెల్ గుణమే అంత: చీకట్లో ఉన్న చోటే ఎక్కువ పసుపెక్కుతుంది.

పోయిన మాఘంలో దాన్ని గీకి వాటర్ ఎనామెల్ వేశాను. నా మొగ్గు ఎటో ముందే తెలిసిపోయింది కదా. అయినా ఆయిల్‌ది తీసిపారేసే సరుకు కాదు.

అందరూ మెరుపు చూసి రంగు ఎంచుకుంటారు. నేను చూసేది అది ఎంతసేపు పచ్చిగా ఉంటుందన్నది. ఆయిల్ ఎనామెల్‌లో టర్పెంటాయిల్ ఎగిరిపోయినంత మాత్రాన పని అయిపోదు. అది గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని మెల్లగా గట్టిపడాలి. పైపైన ఆరడానికే కొన్ని గంటలు, రెండో కోటుకి మర్నాడు. ఈ నిదానంలో ఒక మేలుంది. బ్రష్ గీతలు వాటంతటవే సర్దుకుని ఉపరితలం చదునవుతుంది, చెయ్యి తిరగనివాళ్లు వేసినా నున్నగా కనిపిస్తుంది. కానీ ఆ గంటలన్నీ గదిలో ఏం ఎగిరినా వచ్చి దాని మీదే వాలుతుంది. ఫ్యాను వేయలేం, కిటికీ మూస్తే వాసనకి తలనొప్పి.

వాటర్ ఎనామెల్ అలా కాదు. నీరు ఎగిరిపోతే లోపలి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరవుతాయి. మంచి ఎండ రోజున అరగంటలో పైన ఆరిపోతుంది, మూడు నాలుగు గంటలకి రెండో కోటు. దుమ్ముకి అవకాశం తక్కువ. తెల్లది తెల్లగానే ఉంటుంది, వాసన కూడా పెద్దగా ఉండదు. మనుషులు తిరిగే ఇంట్లో, ఒకే గదిలో పని కానివ్వాలంటే నాకు ఇదే సుఖం.

అయితే ఆ వేగంతోనే చిక్కు. సగం ఆరిన చోట "ఇక్కడ కొంచెం తక్కువైంది" అని మళ్లీ బ్రష్ పెట్టారో, గీత అలాగే ఉండిపోతుంది. చిన్న ఫోమ్ రోలర్‌తో పరిచి, వెంటనే మెత్తటి నైలాన్ బ్రష్‌తో ఒక్క దిక్కుగా పైపైన లాగి వదిలేయాలి. మచ్చ కనిపించినా రెండో కోటుదాకా కళ్లు మూసుకోవాలి. ఇది నేర్చుకోవడానికి నాకు ఒక బీరువా తలుపు ఖర్చయింది.

ఇంకో సంగతి, ఆరడం వేరు, గట్టిపడడం వేరు. రెండు రకాలకీ రెండు మూడు వారాలు పడుతుంది. వాటర్‌ది ముట్టుకుంటే ఆరినట్టే ఉండి మోసం చేస్తుంది. తలుపులు మూసేస్తే అంచులు ఒకదానికొకటి అంటుకుని, తెరిచినప్పుడు రంగు ఊడివస్తుంది. మేం పదిహేను రోజులు తలుపులు ఓరగా తెరిచే ఉంచాం. బట్టలన్నీ మంచం మీద. ఇంట్లో గొడవ సంగతి చెప్పక్కర్లేదు.

పండగ ముందు వేయాలనే తొందర మన దగ్గర రెండు రంగులకీ శత్రువే. దసరా వెంటనే వచ్చే పైడితల్లమ్మ సిరిమాను సమయానికి గాలిలో నీరు పిండొచ్చు. తేమ 85 శాతం దాటితే వేయొద్దని చాలా డబ్బాల మీద రాసే ఉంటుంది. ఆయిల్‌ది జిగురుగా సాగుతుంది, వాటర్‌ది నీరు వదలదు. సంక్రాంతి దాటాక మార్చి దాకా మంచి కాలం. అప్పుడు కూడా మంచు విడిచాక తొమ్మిది దాటి మొదలుపెట్టి, మధ్యాహ్నం రెండింటికి ముగించాలి. సాయంత్రం మంచు పచ్చి రంగు మీద పడితే మెరుపు మసకబారుతుంది. సముద్రం పక్కవాళ్లు ముందు తడిగుడ్డతో ఉప్పు తుడిచి, ఆరాకే రంగు ముట్టుకోవాలి.

పాత రంగు మీద వాటర్ ఎనామెల్ వేసేవాళ్లకి ఒక హెచ్చరిక. కింద ఆయిల్ మెరుపు మిగిలి ఉంటే కొత్త పొర గోరుతో లాగినా రేకులా వచ్చేస్తుంది. కింద ఏముందో తెలియకపోతే స్పిరిట్‌లో తడిపిన దూదితో గట్టిగా రుద్దండి. రంగు మెత్తబడి దూదికి వస్తే నీళ్ల రకం, రాకపోతే ఆయిల్‌ది. ఆయిల్‌దైతే 180 నంబర్ శాండ్ పేపర్‌తో మెరుపు పూర్తిగా చంపి, ప్రైమర్ వేశాకే పైపని. బాగా పాత రంగైతే పొడిగా గీకొద్దు, వాటర్ పేపర్‌తో తడిపి గీకండి. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు డబ్బాలో ఏముందో ఎవరికెరుక? పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి.

టేకు, మద్ది లాంటి చెక్కల మీద తెల్ల వాటర్ ఎనామెల్ వేస్తే కింద నుంచి గోధుమరంగు మరకలు పైకి ఊరతాయి. ముందు ఒక పొర లక్క పాలిష్ కొట్టి, ఆరాక తేలిగ్గా పేపర్ పట్టి రంగు వేస్తే ఆగుతాయి. ఈ విషయంలో ఆయిల్‌ది నయం, మరక అంతగా తేలదు.

కోటుకీ కోటుకీ మధ్య 320 పేపర్ పట్టేటప్పుడు తెల్లటి పొడి రాలాలి. పేపరుకి ఉండలు కడుతోందంటే ఇంకా పచ్చే, మర్నాటికి వాయిదా వేయండి. ఆరడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు బీరువాకి వెనక చెక్క వదిలేస్తే నలభై చదరపు అడుగులొస్తుంది. లీటరు డబ్బా ఒక కోటుకి దాదాపు నూరు అడుగులకి సరిపోతుంది కనుక బయటి రెండు కోట్లూ ఒక్క డబ్బాలో అయిపోతాయి.

పీయూ, అంటే హార్డనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి వేసే పాలీయురెథేన్ పూత సంగతి కూడా కొందరు అడుగుతారు. గట్టిదనంలో దాన్ని కొట్టేది లేదు, భోజనాల బల్లకి బాగుంటుంది. కానీ హార్డనర్ కలిపాక కొన్ని గంటల్లో వాడేయాలి, తేమకి బుడగలొస్తాయి, ఆ స్ప్రే పీలిస్తే ఊపిరితిత్తులకి చేటు. పనివాడికే వదిలేయండి. ఎన్‌సీ లాకర్ (నైట్రోసెల్యులోజ్ పూత) స్ప్రే చేయడానికి కంప్రెసర్ కావాలి, మన తేమకి తెల్లబారుతుంది. మెరుపు లేని చాక్ పెయింట్ ఫొటోల్లో బాగుంటుంది.

ముదురు రంగు, పసుపెక్కినా తెలియని వస్తువు, వారం రోజులు ఎవరూ ముట్టని వరండా, ఈ మూడూ కుదిరితే ఆయిల్ ఎనామెలే వేయండి, నునుపు చూసి మీరే మురిసిపోతారు. తెల్లవి, గదిలోవి, తలుపులున్నవి అయితే వాటర్‌దే.

మా అప్ప ఇదంతా విని చివరికి ముదురు నీలం ఆయిల్ డబ్బా కొంది, వరండాలో ఉయ్యాల బల్లకి. తప్పేం లేదు. రాత్రి ఫోన్ చేసి, "రంగు బాగానే ఉంది గానీ, దాని మీంచి పిల్లి నడిసెల్లిపోనాదే" అంది.